ఒకే పళ్ళెంలో నిండు చేప

కృష్ణా, తుంగభద్రా నదుల మధ్య ఉన్న నేలను మా పెద్దలు నడిగడ్డ అన్నారు. నేను పుట్టింది ఆ నడిగడ్డలోని గద్వాలలో. మదరసాలో పాఠాలు చెబుతూ ఇరవై ఆరు సంవత్సరాలుగా స్థిరపడింది వనపర్తిలో. మా కోడలి పుట్టిల్లు నాగర్‌కర్నూల్ జిల్లాలోని కొల్లాపూర్. 2016 అక్టోబరు 11న ఇవి మూడు వేరు వేరు జిల్లాలయ్యాయి గానీ, అంతకు ముందు అన్నీ ఒకే పాలమూరు. నీటి కరువుతో మాకు ఎంత పరిచయమో, నీటిలోని చేపతోనూ అంతే పరిచయం. గద్వాల వారికి జూరాల ఉంది. ఆనకట్ట పక్కన మసాలా పట్టించి వేయించి అమ్మే చేపల కోసం సెలవు రోజుల్లో దూరప్రాంతాల నుండి జనం వస్తారు. వనపర్తి వారికి సరళాసాగర్, రామన్‌పాడు జలాశయాలున్నాయి. కొల్లాపూర్ వారికి సోమశిల దగ్గర శ్రీశైలం జలాశయపు నీరు పెరటి నీరంత దగ్గర.

ఇన్ని నీళ్ళున్నా మా ఇళ్ళలో చేప నిండుగా పొయ్యి మీదికి ఎక్కే ఆచారం లేదు. బజారులోనే అది ముక్కలవుతుంది. వేయించిన పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి నూరి, చింతపండు పులుసులో ఆ ముక్కలను ఉడికించి ‘మచ్లీ కా ఖట్టా’ అంటాము. జొన్నరొట్టెతోనైనా, తెల్లన్నంతోనైనా అది మా ప్రాంతపు రుచి. ముక్కలుగా కోసిన చేపకు ఒక సౌలభ్యం కూడా ఉంది. ఎవరికి ఏ ముక్క అన్నది వంటింట్లోనే నిర్ణయమైపోతుంది. దస్తర్‌ఖాన్ దగ్గర దాని గురించి ఎవరూ మాట్లాడవలసిన పని ఉండదు.

తల నుండి తోక దాకా ఒక్కటిగా ఉన్న చేపను చైనా పద్ధతిలో, కారపు రసంలో మగ్గించి, ఒకే పళ్ళెంలో పెట్టిన రోజున మా ఇంట్లో ఆ సౌలభ్యం లేకుండా పోయింది. ఆ వంట గురించీ, దానితో పాటు తలెత్తిన ప్రశ్నల గురించీ పాఠక సోదర సోదరీమణులతో నాలుగు మాటలు పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

జెద్దా నుండి వచ్చిన వంట

మా పెద్దబ్బాయి జెద్దాలో ఒక దుకాణ సముదాయంలో లెక్కలు చూసే ఉద్యోగి. 2017 జులై నుండి సౌదీ ప్రభుత్వం విదేశీ ఉద్యోగుల కుటుంబ సభ్యులపై నెలసరి రుసుము విధించింది. ఒక్కొక్కరికి నెలకు 100 రియాళ్ళతో మొదలై, ఏటా మరో 100 చొప్పున పెరుగుతూ, 2020 నాటికి 400 రియాళ్ళకు చేరేలా అది నిర్ణయమైంది. భార్య, ఇద్దరు పిల్లలున్న చిన్న ఉద్యోగికి అది ఎంత భారమో లెక్క చెప్పనక్కరలేదు. ఎన్నో కుటుంబాలు అలాగే విడిపోయి, ఇల్లాలూ పిల్లలూ స్వదేశానికి, సంపాదించేవాడు అక్కడికి అన్నట్లు మిగిలాయి. 2019 వేసవిలో మా కోడలు పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని వనపర్తికి వచ్చింది. అబ్బాయి అక్కడే ఉండిపోయాడు.

భర్త దూరదేశంలో, తాను అత్తవారింట. గల్ఫ్ సంపాదన మీద నడిచే మన కుటుంబాలలో ఇది ఎందరో ఆడబిడ్డల స్థితి. మా కోడలు ఫజ్ర్‌కు ముందే లేచేది. ఇల్లంతా పడుకున్న తరువాత వంటిల్లు కడిగి పడుకునేది. దేనికీ ఎదురు చెప్పేది కాదు. ఏదీ అడిగేదీ కాదు. బంధువులు ఆమె మర్యాదను మెచ్చుకునేవారు. ఒక మనిషి మౌనంలో మర్యాద ఎంత, దిగులు ఎంత అన్నది బయటివారు వేరు చేసి చూడడం తేలిక కాదు.

ఒక గురువారం సాయంత్రం ఆమె నా శ్రీమతి దగ్గరకు వెళ్ళి, “అమ్మీ, రేపు చేప నేను వండనా? జెద్దాలో నేర్చుకున్నది ఒకటి ఉంది” అని అడిగింది. వచ్చిన నాలుగు నెలల్లో ఆమె తనంతట తాను అడిగిన మొదటి మాట అది.

జెద్దాలో వారుండిన భవనంలోనే పై అంతస్తులో చైనాలోని లాన్‌జౌ నగరం నుండి వచ్చిన ఒక ముస్లిం కుటుంబం ఉండేదట. ఆ ఇల్లాలికి ఉర్దూ రాదు, మా కోడలికి చైనా భాష రాదు. బజారులో పనికివచ్చే కొద్దిపాటి అరబ్బీ తప్ప ఇద్దరి మధ్య మరో భాష లేదు. అయినా రమజాను మాసంలో ఇఫ్తారు వేళ ఒకరింటి పళ్ళెం మరొకరింటికి వెళ్ళేది. ఖాళీ పళ్ళెం తిరిగి పంపడం ఇద్దరి ఆచారంలోనూ లేదు కాబట్టి ఆ రాకపోకలు ఆగలేదు. అలా ఒకరి వంటింట్లో ఒకరు నిలబడి, చూసి నేర్చుకున్న వంట ఇది. చైనాలోని సిచువాన్ ప్రాంతంలో దీనిని ‘దౌబాన్ యూ’ అంటారు. దౌబాన్ అంటే చిక్కుడు జాతి గింజలు, మిరపకాయలు కలిపి పులియబెట్టిన ముద్ద. యూ అంటే చేప.

నా శ్రీమతికి వంట మీద అభ్యంతరం లేదు. ఆమె అనుమానం వేరు. “చైనా వాళ్ళు కూరలో కూడా సారాయి పోస్తారట కదండీ!” అని నా వైపు చూసింది. మౌల్వీ ఇంట్లో వంటింటి ప్రశ్న కూడా చివరికి కితాబుల దగ్గరికే వస్తుంది.

అడగవలసిన మూడు ప్రశ్నలు

మొదటి ప్రశ్న చేప గురించి. ఇందులో చిక్కు తక్కువ. సముద్రపు వేట, దాని ఆహారం మనకు ధర్మసమ్మతమని దివ్య ఖుర్ఆన్ మాయిదా సూరా తెలుపుతున్నది. చేపకు జబహ్ అవసరం లేదు. దైవప్రవక్త (స) కాలంలో హజ్రత్ అబూ ఉబైదా (రజి) నాయకత్వంలో మూడు వందల మంది తీరానికి వెళ్ళి, తిండి అయిపోయి ఆకులు రాల్చుకుని తిన్న సంఘటన బుఖారీ గ్రంథంలో ఉంది. అప్పుడు సముద్రం వారి ముందుకు ఒక మహా మత్స్యాన్ని తోసింది. పక్షం రోజులకు పైగా దానిని తిన్నారు. మదీనాకు వచ్చి చెప్పగా ప్రవక్త (స) దానిలో మిగిలినది ఉంటే తమకూ పెట్టమని అడిగి తిన్నారు. అయితే తనంతట తాను చచ్చి వెల్లకిలా నీటిపై తేలిన చేపను తినడం హనఫీ ధర్మవేత్తల దృష్టిలో మక్రూహ్. వలలో పడి చచ్చినా, దెబ్బ తగిలి చచ్చినా అభ్యంతరం లేదు. కాబట్టి చేప కొనేటప్పుడు మొప్పలు ఎర్రగా ఉన్నాయా, కళ్ళు ఉబ్బి మెరుస్తున్నాయా, వేలితో నొక్కితే కండ తిరిగి పైకి లేస్తున్నదా అని చూసుకోవడం ఆరోగ్యానికీ, ధర్మానికీ రెండింటికీ మంచిది.

రెండవ ప్రశ్న చేపలో కలిపే వాటి గురించి. ఇక్కడే జాగ్రత్త కావాలి. చైనాలో సాధారణంగా ఈ వంటలో బియ్యంతో తీసిన మద్యం పోస్తారు. కొందరు పందిమాంసపు తరుగు కూడా వేస్తారు. రెండూ మనకు నిషిద్ధమే. “పొయ్యి మీద మద్యం ఆవిరైపోతుంది కదా” అని చదువుకున్న పిల్లలు అడుగుతుంటారు. పూర్తిగా ఆవిరి కాదు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం, కూరలో కలిపి 15 నిమిషాలు ఉడికించిన మద్యంలో దాదాపు 40 శాతం ఆల్కహాలు మిగిలే ఉంటుంది. రెండున్నర గంటలు ఉడికించినా సుమారు 5 శాతం మిగులుతుంది. అది మొత్తం ఆవిరైపోయినా మన తీర్పు మారదు. మద్యం అపవిత్రం, అపవిత్రమైనది కలిసిన ఆహారం కూడా అపవిత్రమే.

వంటలో ఆ మద్యం చేసే పని ఏమిటి? నీచు వాసనను తగ్గించడం. ఆ పని పులుపు ఇంకా బాగా చేస్తుంది. చేపకు ఆ వాసనను ఇచ్చే పదార్థాలను పులుపు అణచివేస్తుంది. చెరువు చేపకు వచ్చే బురద వాసన కూడా పులుపుతో తగ్గుతుంది. మన అమ్మమ్మలు చేపకు చింతపండు, నిమ్మకాయ తప్పనిసరి చేయడం వెనుక ఉన్న అనుభవం ఇదే. లాన్‌జౌ ఇల్లాలు మద్యం స్థానంలో వెనిగర్, ఎక్కువ పాలు అల్లం వాడేదట. వెనిగర్, అంటే సిర్కా, మనకు పరాయిది కాదు. ఇంట్లో మరో కూర లేని పూట ప్రవక్త (స) సిర్కాతోనే రొట్టె తిని, అది ఎంతో మంచి వ్యంజనమని మెచ్చుకున్నట్లు హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం ముస్లిం గ్రంథంలో ఉంది.

సోయా సాస్ వంటి పులియబెట్టిన వాటిలో సహజంగా పుట్టే అత్యల్ప అంశం విషయంలో, అది మత్తు కలిగించదు గనుక, ఎందరో పండితులు సులభతను చూపారు. తయారీలో విడిగా పోసిన మద్యం సంగతి వేరు. అందుచేత సీసా మీది పట్టిక చదవాలి. అందులో వైన్, మిరిన్ అన్న మాటలున్నా, ఈ-1510 అన్న అంకె ఉన్నా దానిని పక్కన పెట్టండి. ఆ అంకె ఆల్కహాలుకు గుర్తు. ఆయిస్టర్ సాస్ అంటే ఆల్చిప్ప మాంసపు రసం. హనఫీ మార్గంలో నీటి జీవులలో చేప మాత్రమే ధర్మసమ్మతం కాబట్టి మా ఇంటికి అది రాదు. షాఫిఈ మార్గంలో దానికి అనుమతి ఉంది.

మూడవ ప్రశ్న మా దూరపు బంధువు ఒకరు వేసినది: “అన్నీ హలాలే అయినా, పరాయి జాతుల వంట మనకెందుకు?”

చేప ఎక్కడిది? మిరప ఎక్కడిది?

ఆ ప్రశ్నకు జవాబు చేపల బజారులోనే దొరికింది. శుక్రవారం ఉదయం నేను తెచ్చినది గడ్డి చేప. గడ్డి చేప, వెండి చేప మన నదులలో పుట్టినవి కావు. చైనా నదుల జాతులైన వాటిని 1959లో మన దేశానికి తెచ్చి జలాశయాలలో వదిలారు. వనపర్తి సంస్థానపు రాణి సరళాదేవి పేరు పెట్టుకున్న సరళాసాగర్, నీరు నిండగానే తనంతట తానే పారే సైఫన్ ఏర్పాటుతో ప్రారంభమైనది కూడా ఆ ఏడాదే. అరవై ఏళ్ళుగా మనం పులుసు పెట్టుకుంటున్న చేపను ఏ దేశానిదని ఎవరూ అడగలేదు.

మిరప సంగతీ అంతే. అమెరికా ఖండంలో పుట్టిన మిరపను పోర్చుగీసు వారు పదహారవ శతాబ్దంలో మన తీరానికి తెచ్చారు. చైనా గ్రంథాలలో దాని ప్రస్తావన మొదట కనిపించేది 1591లో. అంటే పాలమూరు కారమూ, సిచువాన్ కారమూ అనాదిగా ఉన్నవి కావు. రెండూ బయటి నుండి వచ్చి ఇంటివైపోయాయి.

ఇక చైనా ముస్లింల విషయం. యున్నాన్ ప్రాంతంలో ముస్లిం కుటుంబంలో పుట్టిన నౌకాధిపతి చెంగ్ హో 1405 నుండి 1433 మధ్య సాగిన మహా సముద్రయానాలకు నాయకుడు. ఆయన నౌకలు మన కోళికోడ్ రేవుకు వచ్చాయి. ఆయన వెంట వచ్చి ఆ దేశాల వివరాలు రాసిపెట్టిన మా హువాన్ కూడా ముస్లిమే. చైనాలో హలాల్ భోజనశాలల మీద ‘చింగ్‌జెన్’ అని రాసి ఉంటుంది. స్వచ్ఛము, సత్యము అని ఆ మాటకు అర్థం. చుట్టూ మద్యం, పందిమాంసం సర్వసాధారణమైన దేశంలో వందల సంవత్సరాలుగా తమ వంటింటిని కాపాడుకున్న వారి అనుభవం మనకు ఎంతైనా పనికి వస్తుంది. ఈ సందర్భంలో, విద్య కోసం చైనా వరకైనా వెళ్ళమనే మాటను మా విద్యార్థులు హదీసుగా చెబుతుంటారు. హదీసువేత్తలు దాని పరంపరను బలహీనమన్నారు. ఇబ్నుల్ జౌజీ దానిని కల్పితాల జాబితాలో చేర్చారు. కాబట్టి నేను దానిని సాక్ష్యంగా తేవడం లేదు. నా సాక్ష్యం ధర్మశాస్త్రంలోని మూలసూత్రం: తినే వస్తువులలో నిషేధం రుజువు కానంత వరకు అనుమతే అసలు విధి. పరాయి మతపు ప్రత్యేక చిహ్నాలను అనుకరించడం తప్పు. చేపను నిలువునా మగ్గించడం ఏ మతానికీ చిహ్నం కాదు.

బస్టాండు దగ్గర బండి మీద మంచూరియా తినే యువకులు ఏ మౌల్వీనీ ఫత్వా అడగరు. అసలు ఆ వంట ముంబైలో పుట్టింది. ఇంట్లో ఒక కోడలు అడిగి వండబోతే మాత్రం మనకు దేశాలన్నీ గుర్తుకొస్తాయి.

వండే విధానం

సోదరీమణుల కోసం మా కోడలు చెప్పినట్లే రాస్తున్నాను. కిలో నుండి కిలోంపావు బరువున్న చేప సరిపోతుంది. గడ్డి చేప గానీ, బంగారుతీగ గానీ, రవ్వ గానీ కావచ్చు. వీటిలో సన్నటి ముళ్ళు ఎక్కువ. చిన్నపిల్లలు, వృద్ధులు ఉన్న ఇంట్లో తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీను మేలు. ఖరీదు ఎక్కువే గానీ ముళ్ళు తక్కువ. బజారులో ముక్కలు చేయవద్దని ముందే చెప్పి, పొలుసు తీయించి, మొప్పలు, పేగులు తీసివేయించాలి. పొట్ట లోపల వెన్నుముక వెంట ఉండే నల్లని రక్తపు గీతను వేలితో గీకి కడగాలి. బురద వాసనలో చాలా భాగం దానితోనే పోతుంది.

రెండు వైపులా వేలెడు దూరంలో మూడేసి ఏటవాలు గాట్లు పెట్టాలి. ఉప్పు, ఒక చెంచా వెనిగర్, దంచిన అల్లం పట్టించి పావుగంట ఉంచాలి. తరువాత శుభ్రమైన బట్టతో చేపను పూర్తిగా తడి లేకుండా ఒత్తి తుడవాలి. తడి ఉంటే నూనె చిందుతుంది, తోలు అంటుకుని ఊడిపోతుంది. వెడల్పాటి ఇనుప కడాయిని బాగా కాలనిచ్చి, ఐదు పెద్ద చెంచాల నూనె పోసి, నూనె వేడెక్కాక చేపను దించాలి. నాలుగు నిమిషాల పాటు ముట్టుకోవద్దు. కింది వైపు ఎర్రబడి దానంతటదే వదిలినప్పుడు రెండు అట్లకాడలతో ఒక్కసారి తిప్పి, రెండో వైపు కూడా అలాగే వేయించి తీసి పక్కన పెట్టుకోవాలి.

దౌబాన్ ముద్ద మన పట్టణాలలో దొరకదు. జెద్దా నుండి తెచ్చుకున్న ఒక్క సీసా అయిపోయాక మా కోడలు దానికి మార్గం మన ఇంటి జాడీలోనే కనిపెట్టింది. పండుమిరపకాయలను ఉప్పు వేసి దంచి నిల్వ చేసే తొక్కు మనకు ఉన్నదే కదా! మెంతిపొడి వేయక ముందు, తాలింపు పెట్టక ముందు తీసిన ఆ తొక్కు రెండు పెద్ద చెంచాలు, ఉడికించి మెదిపిన అనపగింజలు ఒక చెంచా కలిపితే చాలా దగ్గరి రుచి వస్తుంది. తొక్కు లేకుంటే పన్నెండు ఎండుమిరపకాయలను వేడినీటిలో నానబెట్టి నూరుకోవచ్చు.

అదే నూనెలో సన్నని సెగ మీద ఈ ముద్దను నూనె ఎర్రబడే దాకా వేయించాలి. సెగ ఎక్కువైతే మాడి చేదెక్కుతుంది. తరిగిన అల్లం రెండంగుళాల ముక్క, పది వెల్లుల్లి రెబ్బలు, ఉల్లికాడల తెల్లని భాగం వేసి, పచ్చివాసన పోయాక రెండు కప్పుల వేడినీళ్ళు, రెండు పెద్ద చెంచాల సోయా సాస్, ఒకటిన్నర చిన్న చెంచాల చక్కెర కలపాలి. తొక్కులోనూ, సాస్‌లోనూ ఉప్పు ఉంటుంది కాబట్టి రుచి చూడకుండా ఉప్పు వేయవద్దు. మరిగేటప్పుడు చేపను దించి, మూత పెట్టి, సన్నని సెగ మీద పన్నెండు నుండి పదిహేను నిమిషాలు మగ్గించాలి. గరిటెతో రసాన్ని చేప మీద పోస్తూ, మధ్యలో ఒక్కసారే తిప్పాలి. చేపను జాగ్రత్తగా పెద్ద పళ్ళెంలోకి తీసుకున్న తరువాత, మిగిలిన రసంలో ఒకటిన్నర చిన్న చెంచాల మొక్కజొన్న పిండిని చల్లని నీటిలో కలిపి పోసి చిక్కబరచాలి. చివరగా ఒక పెద్ద చెంచా వెనిగర్ పోసి, వెంటనే చేప మీద కుమ్మరించి, ఉల్లికాడల పచ్చని భాగం చల్లాలి. దీనిని చల్లారనివ్వకూడదు. చల్లారితే రసం గడ్డకట్టినట్లవుతుంది, చేప నీచు వాసన తిరిగి వస్తుంది.

తల ఎవరికి, తోక ఎవరికి?

అసలు సంగతి ఇక్కడే మొదలవుతుంది. మన ఇళ్ళలో చాలా చోట్ల మగవారు ముందు తింటారు. తరువాత పిల్లలు. మిగిలినది ఆడవారు. వారిలోనూ కోడలిది చివరి వంతు. ముక్కల కూరకు ఈ వరుస సరిపోతుంది. గిన్నె అడుగున ఏదో ఒక ముక్క, చాలా వరకు తోక ముక్క, మిగులుతుంది. వేడివేడిగా తినవలసిన నిండు చేపకు ఈ వరుస కుదరదు. మొదటి పంక్తి లేచేసరికి పళ్ళెంలో ముళ్ళే మిగులుతాయి.

జుమా నమాజు నుండి వచ్చాక మా కోడలు పళ్ళెం తెచ్చి మధ్యలో పెట్టి, తల అమ్మీ వైపు తిప్పి, వెనక్కు జరిగింది. నాలుగేళ్ళ మనవరాలు తల్లి కొంగు పట్టుకుని, “అమ్మీ, జెద్దాలో లాగా నువ్వు కూర్చోవా?” అని అడిగింది. కోడలు కళ్ళతోనే పాపను వారించింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మా అమ్మీ ఆ చూపును గమనించింది. కొంచెం జరిగి, తన పక్కన నేలను చేత్తో తట్టి, “ఇలా రా బేటీ. నువ్వు రాకపోతే ఈ చేపను ఎలా విప్పాలో మాకెవరికి తెలుసు?” అన్నది.

ఆ పూట చేపను పంచింది కోడలే. వెన్ను వెంట చెంచా దింపి, పై కండను రెండు పక్కలకు విడదీసి, ముల్లు మొత్తాన్ని తలతో సహా ఒక్కసారి లేపింది. మెత్తని పొట్ట భాగం తీసి, ముళ్ళు వెతికి, అమ్మీ పళ్ళెంలో పెట్టింది. అమ్మీ తిని, “పొట్ట ముక్క ఇంత మెత్తగా ఉంటుందా!” అన్నది. అందులో ఫిర్యాదు ఏమీ లేదు. కొత్త సంగతి తెలిసిన మనిషి అన్నట్లే అన్నది. అరవై ఏళ్ళుగా ఆ ఇంట్లో చేప వండిన మనిషి ఆమె. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు.

కలిసి తినడమా, విడివిడిగా తినడమా అన్న విషయంలో షరీఅత్ మనల్ని ఇరుకున పెట్టలేదు. కలిసి తిన్నా, వేర్వేరుగా తిన్నా తప్పు లేదని నూర్ సూరా స్పష్టంగా తెలిపింది. కాబట్టి విడిగా తినేవారిని నేను పాపులనను. అయితే ఎంత తిన్నా కడుపు నిండడం లేదని సహచరులు చెప్పుకున్నప్పుడు, బహుశా విడివిడిగా తింటున్నారేమో, కలిసి కూర్చుని అల్లాహ్ పేరు తలచుకుని తింటే శుభం కలుగుతుందని ప్రవక్త (స) చెప్పిన సంగతి అబూ దావూద్ గ్రంథంలో ఉంది. హజ్రత్ ఆయిషా (రజి) కొరికిన ఎముకనే అందుకుని, ఆమె కొరికిన చోటనే తాము కూడా కొరికేవారని ముస్లిం గ్రంథంలో ఉంది. ఇల్లాలు మిగిలినది తినాలన్న వరుస ఈ ఇంట్లో ఎక్కడ కనిపిస్తుంది?

మరొక హదీసును మదరసాలో ఖియాస్ పాఠం చెప్పేటప్పుడు నేను తరచూ ఉదాహరిస్తాను. సేవకుడు భోజనం వండి తెస్తే అతన్ని పక్కన కూర్చోబెట్టుకోవాలి, లేదంటే కనీసం ఒకటి రెండు ముద్దలైనా చేతికివ్వాలి అని బుఖారీ గ్రంథంలో ఉంది. కారణం కూడా అక్కడే చెప్పబడింది: ఆ వంట వేడినీ, శ్రమనూ భరించింది అతడే కాబట్టి. ధర్మశాస్త్రంలో కారణం ఎక్కడ ఉంటే విధి అక్కడ ఉంటుంది. జీతానికి పనిచేసే సేవకునికే ఆ హక్కు ఉంటే, జీతం లేకుండా రోజూ మూడు పూటలా పొయ్యి వేడిని భరించే ఇంటి ఆడబిడ్డకు ఎంత హక్కు ఉండాలి? ఈ ప్రశ్న వేసినప్పుడు తరగతిలో పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

ఒక పెద్దాయన నాతో, “మౌల్వీ సాబ్, కోడలు మామ ఎదుట కూర్చుని తింటే సిగ్గు, మర్యాద ఏం మిగులుతాయి?” అన్నారు. మామ కోడలికి మహ్రమ్. తండ్రితో సమానం. ఆమె నా ఎదుట కూర్చుని తినడంలో పర్దాకు భంగం ఏమీ లేదు. భర్త తమ్ముని విషయం అలా కాదు. అతడు మహ్రమ్ కాడు, ఆ విషయంలో హదీసు హెచ్చరిక తీవ్రమైనది. మా చిన్నబ్బాయి హైదరాబాదులో చదువుకుంటున్నాడు. అతడు సెలవులకు వచ్చినప్పుడు ఇంట్లో రెండు దస్తర్‌ఖాన్‌లు పరుస్తాము, ఒకటి మగవారికి, ఒకటి ఆడవారికి. అయితే రెండూ ఒకే సమయంలో పరుస్తాము, రెండింటి మీదా ఒక్కో చేప ఉంటుంది. విడిగా కూర్చోవడం వేరు, వెనుక తినడం వేరు. మన ఇళ్ళలో ఈ రెండింటినీ ఒకటిగా కలిపేసి, రెండవదానికి కూడా ధర్మం పేరు పెట్టాము.

బాలుడైన ఉమర్ బిన్ అబీ సలమా (రజి) చేయి పళ్ళెమంతా తిరుగుతుంటే, బిస్మిల్లాహ్ అని, కుడిచేత్తో, తన ముందున్న చోటు నుండి తినమని ప్రవక్త (స) నేర్పారు. నిండు చేప పళ్ళెం దగ్గర పిల్లలకు ఈ మర్యాద నేర్పడం ఎంతో తేలిక. ముళ్ళ భయంతో వారు నెమ్మదిగా తింటారు. పెద్దవారి చేతికి ఎదురు చూస్తారు. చివరి ముక్క ఎవరు తినలేదో చూసి వారికి జరుపుతారు.

కలిసి కూర్చుంటే మాటలు పుడతాయి. అలా ఒక శుక్రవారం దస్తర్‌ఖాన్ దగ్గరే మా కోడలు, పెళ్ళితో ఆగిపోయిన డిగ్రీ చదువును పూర్తి చేయాలని ఉందని చెప్పింది. వంటింటి గుమ్మం అవతల నిలబడి ఉంటే ఆ మాట ఎవరితో చెప్పేది? అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేరి, పిల్లలు పడుకున్నాక చదువుకుని, ఆమె పరీక్షలు ఉత్తీర్ణురాలైంది. ఇప్పుడు మా మదరసా ఆడపిల్లలకు తెలుగు, లెక్కలు చెబుతున్నది. మా అబ్బాయి ఇంకా జెద్దాలోనే ఉన్నాడు. దూరం తగ్గలేదు, రుసుములు తగ్గలేదు. ఆ దిగులు ఇప్పుడు ఆమె ఒక్కతే మోయవలసినది కాదు. అంతవరకు మా చేతిలో ఉంది.

ఈ వ్యాసం చదివే ఇళ్ళలో కారం ఎక్కువ పడనివారు మిరప తగ్గించుకోవచ్చు. పొయ్యి చిన్నదైతే చిన్న చేప తెచ్చుకోవచ్చు. చైనా రుచి నచ్చనివారు మన ఖట్టానే వండుకోవచ్చు. అయితే వండిన మనిషి కూర్చున్నారా లేదా అన్నది మాత్రం బిస్మిల్లాహ్ అనే ముందు ఒకసారి చూసుకోండి. కరుణామయుడైన అల్లాహ్ మన ఉపాధిని ధర్మసమ్మతమైనదిగా, మన దస్తర్‌ఖాన్‌లను న్యాయమైనవిగా చేయుగాక! దూరదేశాలలో ఉన్న మన బిడ్డలను క్షేమంగా తమ వారి పక్కకు చేర్చుగాక! ఆమీన్.